మెక్రే గారింట్లో గంజి

జకరయ్య ఇంట్లో గంజి కాయరు. పొద్దున్నే టీ, బ్రెడ్డు. జ్వరమొచ్చినా బ్రెడ్డే. గంజి అంటే కరువులో దొరల ముందు గిన్నె పట్టుకుని నిలబడ్డవాళ్ళ తిండి అని, తమది మాత్రం దొర రక్తమని ఆయన గట్టి నమ్మకం. తాత పేరు రాబర్ట్ మెక్రే మరి! స్కాట్లాండ్ నుంచి వచ్చిన మెక్రే దొర కొడుకే తాత అని, తన ముక్కు తడుముకుని మరీ చెప్పేవాడు. మెదక్ మొత్తంలో ఆ ముక్కులో దొరతనం చూసినవాడు ఆయనొక్కడే.

ఆ ఉదయం బ్రెడ్డు కాలుస్తూ భార్య బాలమణి మెల్లగా కదిపింది.

"ఎల్దుర్తిల అమ్మకు అస్సలు శాతనైతలేదు. తమ్ముడు, మరదలు ఇద్దరు పనికి పోతరు. ఈడికి తీస్కొద్దాం, జర ఒప్పుకోండ్రి."

"ఎన్నిసార్లు చెప్పాలె? గంజి కోసం మతంల కలిసినోళ్లు మీరు. మీ అమ్మ వస్తె పొద్దు మాపు గంజే అడుగుతది. ఈ ఇంట్ల నడవదు."

నలభై ఏళ్ళుగా వింటున్న మాటే. కాన్పయిన నాడూ విన్నది, తండ్రి పోయిన నాడూ విన్నది. ఇవాళ ఎందుకో ఆమె చెయ్యి ఆగిపోయింది. స్టవ్ ఆర్పి, లోపలికి వెళ్ళి రెండు చీరలు సంచిలో పెట్టుకుంది.

"నేనే పోత. మల్ల వస్తనో రానో చెప్పలేను."

అప్పుడే కూతురు స్వరూప ఫోన్ పట్టుకుని వచ్చింది. తండ్రి పోరు పడలేక, మెక్రేల వంశం ఆరా తీస్తూ స్కాట్లాండ్‌లోని వాళ్ళ సొంతూరి చర్చికి రాసింది. ఇక్కడి చర్చిలో పాస్టరు అయ్యగారిని అడిగి పాత బాప్తిస్మపు రిజిస్టరూ చూసి వచ్చింది.

"జవాబొచ్చిందా?" జకరయ్య ముఖం వెలిగిపోయింది. "బాలమణీ, ఆగు. ఎవలింట్ల ఉన్నవో ఇనిపో."

"నాయినా, తర్వాత సదువుకుందాం."

"గట్టిగ సదువు. మీ అమ్మ ఇనాలె."

స్వరూప తల దించుకుని చెప్పింది. తాతకు ఎవరి పేరైతే ఉందో ఆ అసలు రాబర్ట్ మెక్రే స్కాట్లాండ్‌లోని ఆ ఊళ్ళో చెప్పులు కుట్టే ఆయన. సముద్రం దాటనే లేదు. పెళ్ళీ చేసుకోలేదు. సమాధి అక్కడే ఉంది. మెదక్‌లో ఒక అనాథ పిల్లవాడి తిండికని ఏటేటా చర్చికి డబ్బు ఇచ్చేవాడట. ఎవరు పోషిస్తే వాళ్ళ పేరే పిల్లలకు పెట్టడం ఆనాటి మిషన్ వాళ్ళ పద్ధతి.

"మరి ఈడి రిజిస్టర్ల?" అడిగాడు జకరయ్య.

"తాతకు అప్పుడు మూడేండ్లు. తండ్రి కరువుల సచ్చిపోయిండు. తల్లి సాయమ్మ, ఊరు శంకరంపేట. గంజి కేంద్రం కాడ పిల్లగాన్ని ఇడిసిపెట్టి పోయిందట."

"మల్ల రాలేదా ఆమె?"

"గది రాయలేదు నాయినా."

బాలమణి అనదలిస్తే ఎన్ని మాటలు లేవు! కానీ గడప దగ్గర నిలబడి ఒక్కటే అంది.

"మా అమ్మమ్మ చెప్పేది. పిల్లల్ని ఇడిసిపోయే తల్లులు ఆడ గంజి తాగకపోయేటోళ్లట. నా వంతు గూడ వీనికే పొయ్యుండ్రి అని చెప్పి పోయేటోళ్లట."

జకరయ్య కుర్చీలో కూలబడ్డాడు. ఏ తల్లి పస్తుండి వదిలిన గంజితో తన వంశం బతికిందో, ఆ గంజినే నలభై ఏళ్ళు భార్య ముఖాన కొట్టాడు. భుజం మీది తువ్వాల నోటికడ్డం పెట్టుకుని ఏడ్చాడు. బాలమణి ఓదార్చలేదు. సంచీ కింద పెట్టలేదు. కాసేపటికి ఆయనే లేచి, చెప్పులేసుకుని, ఆ సంచి అందుకున్నాడు.

ఇద్దరూ ఎల్దుర్తి పోయి బాలమణి తల్లి నిర్మలమ్మను ఆటోలో తీసుకొచ్చేసరికి సాయంత్రమైంది. ముసలామెకు చూపు ఆనడం లేదు. మింగుడు పడటం లేదు. ఎన్నాళ్ళుంటుందో తెలియదు. బాలమణి పొయ్యి మీద గంజి పెట్టింది. ఆ ఇంట్లో ఆ వాసన రావడం అదే మొదలు.

జకరయ్య గిన్నె తీసుకుని మంచం పక్కన కూర్చున్నాడు. చెంచాతో పోస్తే సగం పెదవుల మీంచి జారిపోయింది. తన తువ్వాలతోనే తుడిచాడు.

"ఎవరు బిడ్డా నువ్వు?" అని ముసలామె చేత్తో ఆయన ముఖం తడిమింది.

వంటింటి గుమ్మంలో బాలమణి ఆగి చూస్తోంది.

"శంకరంపేట సాయమ్మ మునిమన్మన్ని అత్తమ్మా," అన్నాడు జకరయ్య. "ఇంకో చెంచ తాగు."