చెమట పట్టని ఐస్‌ప్యాకు

ఆ రోజు హత్య కావాల్సినవాళ్లు కంటికి కనపడరు. చిటికెనవేలంత సీసాలో కోట్ల మంది.

హెడ్‌క్వార్టర్స్ బ్రీఫింగ్ అరనిమిషం. సీసాలో కోరలు పీకిన బ్యాక్టీరియా ఉంది, ప్రాణంతోనే. అది ఒంట్లోకెళ్లి, కునుకుతీస్తున్న రక్షణ కణాలను, అంటే ఒంటి కాపలాదార్లను లేపి క్యాన్సర్ గడ్డమీదికి ఉసిగొల్పుతుంది. రెండు డోసులకే తండా ముసలమ్మ కమ్లి గడ్డ సగమైంది. మూడోది ఈ మధ్యాహ్నం పన్నెండులోపు పడాలి, తర్వాత మందుకు గడువు తీరుతుంది. ఇంకో సీసా లేదు. ఇది చస్తే ట్రయల్ మూత. అప్పుడు విదేశీ ముఠా అమ్మే ఖరీదైన మందుకే గిరాకీ.

ఏజెంట్ బలరాం "అవ్ సార్" అన్నాడు.

మూడేళ్లుగా అతను వ్యాక్సిన్ డబ్బా మోసే లాలు. డబ్బా మోసేవాడి మొహం ఎవరూ చూడరు. గూఢచారికి అంతకు మించిన వేషం లేదు, మనిషికి అంతకు మించిన శిక్షా లేదు. చండ్రుగొండ పక్క తండాలో కమ్లి ఒక్కతే "తిన్నవా బిడ్డా?" అనేది. మూడేళ్లలో అతను విన్న ప్రశ్నల్లో కోడ్ లేనిది అదొక్కటే.

సారపాకలో వెదురు లారీల పక్కన కారు దిగింది, సీసా అందించాల్సిన ఏజెంట్ భార్గవి. ఆమె నల్లద్దాలు చూసి ఇద్దరు డ్రైవర్లు టీ ఒలకబోసుకున్నారు.

"గోదారి ఎంత లోతు?"

"మునిగినోడొస్తే అడగాలె."

కోడ్ కలిసింది. ఆమె నీలం డబ్బా అందించింది. బలరాం అలవాటుకొద్దీ చెవిదగ్గర ఊపాడు. చప్పుడు లేదు. ఫ్రీజర్‌లోంచి తీసిన ఐస్‌ప్యాకును బయటపెట్టి, చెమట పట్టి, లోపల నీళ్లు గలగలమన్నాకే డబ్బాలో సర్దాలి. లేకపోతే సీసా గడ్డకట్టి మందు చస్తుంది. తండాలు తిరిగే ఏ నర్సమ్మకైనా ఇది తెలుసు. మూత తీశాడు. థర్మామీటర్ ఒక్క డిగ్రీ దగ్గరుంది, ఇంకాస్త దిగితే సీసా గడ్డే.

"మేడమ్, గీ ప్యాకులకు చెమట పట్టలె."

"నీకు పట్టిస్తాలే," అంటూ ఆమె లిప్‌స్టిక్ తిప్పింది. అందులో తుపాకీ. ముఠా ఆమెను ఎప్పుడో కొనేసింది.

బలరాం ప్యాకు అడ్డంపెట్టాడు. గుండు మంచులో దిగి అక్కడే ఉండిపోయింది. నమ్మకపోతే మీ ఇష్టం. రెండో ప్యాకు ఆమె మణికట్టుకు తగిలింది. డ్రైవర్లు ఆమెను వెదురు మోపులా కట్టేశారు. బలరాం సీసాను తడితువాలులో చుట్టి, బండెక్కి, వంతెన దాటి భద్రాచలం దవాఖానాలో పడ్డాడు. డాక్టర్ సీసా వెలుగుకెత్తి చూసి తలూపింది. సూది దిగేసరికి పన్నెండుకు అరనిమిషం తక్కువ.

మంచంమీంచి కమ్లి అడిగింది. "తిన్నవా బిడ్డా?"

"తిన్న." జీతం లేకుండా అతను ఆడిన అబద్ధం అదే మొదటిది.

బయట ఫోన్ మోగింది. మిషన్ ఓవర్, లాలు ఇక లేడు, సాయంత్రం రైలెక్కమన్నారు.

బలరాం ఖాళీ డబ్బాకేసి చూశాడు.

"రేపు తండాల పిల్లలకు టీకాలున్నయ్ సార్. ఐస్‌ప్యాకులకు ఇంకా చెమట పట్టాలె."