అక్క ఆఖరి పేపరు

శాస్త్రవేత్తను లారీ గుద్దేసింది. యాక్సిడెంట్ అని పోలీసులు రాసుకున్నారు. లారీకి నంబర్ ప్లేటు లేదు, డ్రైవరు ఏమయ్యాడో తెలియదు. మరి అదేం యాక్సిడెంటో!

పోయినావిడ తమ్ముడు సీక్రెట్ ఏజెంట్. అతనికి ఏడుపు రాలేదు. ఎవరో అన్నం పెడితే తిన్నాడు, రుచి తెలియలేదు. చీఫ్ పిలిస్తే బూట్లు తుడుచుకుని వెళ్లాడు.

"కూర్చోవయ్యా. మీ అక్క ఆఖరి రీసెర్చ్ పేపరు సంగతి తెలుసుగా?"

"నీళ్లు శుభ్రం చేసే పొడి గురించి."

"ఆ పొడి కిడ్నీలు తినేస్తుందని తేల్చింది. అమ్మేది విదేశీ ముఠా. సైన్స్ జర్నల్లో ఏమొస్తే దాన్ని బట్టే అమ్మకానికి పర్మిషన్. వాళ్లు ఆవిడ ల్యాప్‌టాప్ ఎత్తుకెళ్లి, అంకెలు మార్చి, పొడి అమృతమని రాశారు. ఆవిడ పేరుతోనే జర్నల్‌కి పంపుతున్నారు. ఈ సాయంత్రంతో గడువు సరి."

చీఫ్ ఒక స్క్రూడ్రైవర్ ఇచ్చాడు. పిడి తిప్పితే పెన్‌డ్రైవ్. అందులో అసలు మాన్యుస్క్రిప్ట్.

"లోపల మన మనిషెవరైనా ఉన్నారా?"

"ఉంది. కోడ్‌నేమ్ నెమలి. అక్కడా జీతమే, ఇక్కడా జీతమే. రెండు చోట్లా చాలట్లేదంటుంది."

ఏసీ మెకానిక్ వేషంలో, అతికించిన మీసంతో, ఏజెంట్ ముఠా ఆఫీసుకెళ్లాడు. ముందు సెంటు వాసన వచ్చింది, దాని వెనక నెమలి. పచ్చ సిల్కు గౌను, బంగారు గొలుసుకు వేలాడే కళ్లజోడు.

"చల్లగా వస్తోందా మేడమ్?"

"చల్లదనం తక్కువ, గోల ఎక్కువ."

కోడ్ సరిపోయింది. అవతల అక్క ల్యాప్‌టాప్ ముందు ఒక కోటుబాబు కూర్చున్నాడు. లారీ పంపింది అతనే.

"అప్‌లోడ్ అయిపోయింది! బాస్‌కి చెప్పొస్తా," అంటూ ఫోన్ పట్టుకుని బాల్కనీలోకి వెళ్లాడు.

"లేటైపోయింది," అన్నాడు ఏజెంట్. ఎవరో బస్సు మిస్సయిన సంగతి చెప్పినట్టే ఉంది ఆ గొంతు.

"ఇంత పెద్ద శాస్త్రవేత్త తమ్ముడివి, ఇదీ తెలీదా?" నెమలి కుర్చీ లాక్కుంది. "అప్‌లోడ్ చేసినంత మాత్రాన పోదయ్యా. ఫైళ్లన్నీ కలిపి ఆ వెబ్‌సైటే పీడీఎఫ్ తయారుచేస్తుంది. అది తెరిచి చూసి, అప్రూవ్ నొక్కాలి. అప్పటిదాకా పేపరు గుమ్మం దాటదు. ఈ మహానుభావుడు మనుషుల్ని పైకి పంపాడు గానీ, జన్మలో ఒక్క పేపరు పంపిన మొహం కాదు."

దొంగ ఫైలు తీసేసింది. స్క్రూడ్రైవర్ పిడిలోంచి అసలుది ఎక్కించింది. పేజీల్లో లైన్ నంబర్లు లేవని వెబ్‌సైట్ తిప్పికొట్టింది. నెమలి పళ్లు కొరుక్కుంటూ నంబర్లు పెట్టింది.

తర్వాత ఒక ప్రశ్న: ఈ పరిశోధన ఫలితాల్లో మీకు సొంత ప్రయోజనం ఏమైనా ఉందా?

ఏజెంట్ కాసేపు దాన్నే చూశాడు. "లేదు" నొక్కాడు.

పీడీఎఫ్ తయారవుతోంది. తెర మీద చక్రం తిరుగుతోంది, తిరుగుతూనే ఉంది. బాల్కనీలో నవ్వులు ఆగిపోయాయి.

పీడీఎఫ్ తెరుచుకుంది. ఆఖరి పేజీలో కృతజ్ఞతలు. *అన్నం తిన్నావా అని రోజూ ఫోన్ చేసి విసిగించే నా తమ్ముడికి.* ఎవరి తమ్ముడి గురించో చదివినట్టు చదివాడు. రెండోసారి కూడా చదివాడు.

"నొక్కవయ్యా బాబూ!"

"ఏయ్ మెకానిక్! ఏసీ ఇటుంటే నీకక్కడేం పని?" కోటుబాబు తుపాకీ తీశాడు.

నెమలి లిప్‌స్టిక్ మూత తీసింది. బుస్సుమని మత్తుమందు అతని మొహాన కొట్టింది. తెర మూలన గడువు గడియారం సున్నాకి జారుతుండగా ఏజెంట్ వేలు అప్రూవ్ మీద పడింది. కోటుబాబు పక్కనున్న కుర్చీతో సహా నేల మీద పడ్డాడు.

టింగుమంది. అక్క పేరు మీద మెయిల్.

నెమలి కళ్లజోడు పెట్టుకుని చదివింది. "డాక్టర్ గారికి ధన్యవాదాలట. పేపరు అందిందట. అచ్చు వేసేదీ లేనిదీ చెప్పడానికి కొన్ని నెలలు పడుతుందట, దయచేసి ఓపిక పట్టాలట."

ఏజెంట్ మీసం పీకి జేబులో పెట్టుకున్నాడు.

"ఓపిక పడుతుందిలే," అన్నాడు. "ఇప్పుడు అక్కకేం తొందర్లేదు."