ఒందెకు పట్టిన జలుబు

పొద్దున్నే కుళాయి దగ్గర బియ్యం కడుగుతున్న వేనింగ్‌కు ముందుగదిలోంచి ఏదో చప్పుడు వినిపించింది. ముక్కు దిబ్బడేసిన పసివాడు నిద్రలో తీసే ఊపిరిలా, సన్నగా, తడితడిగా ఉంది. ఇంట్లో పసివాళ్ళెవరూ లేరు. రావలసిన బిడ్డ ఇంకా ఆమె కడుపులోనే ఉంది, ఏడో నెల.

చేతులు తుడుచుకుని వెళ్ళి చూసింది. గాజు పెట్టెలో ఒందె తల పైకెత్తి, నోరు కాస్త తెరిచి ఉంది. ముక్కు దగ్గర చిన్న నీటిబుడగ పొంగి పగిలింది. ఆ వెంటనే ఇంకోటి పొంగింది.

ఒందె కొండచిలువ జాతిదే గానీ రెండున్నర మూరలు మించదు. విషం లేదు, కోపమూ లేదు. భయమేస్తే ఉండలా చుట్టుకుని తల లోపల దాచుకుంటుంది. అందుకే వేనింగ్ భర్త ప్రసోజో దానికి నువ్వులద్దిన ఉండ మిఠాయి పేరు పెట్టాడు. పెళ్ళికి ముందు నుంచీ పెంచుకుంటున్నాడు. ఇప్పుడతను సముద్రం అవతల కాలిమంతాన్ దీవిలో బొగ్గుగనిలో ఉన్నాడు, పది వారాలకోసారి ఇంటికొస్తాడు. వెళ్ళేటప్పుడు భార్యకు అప్పగింతలన్నీ చెప్పాడు. నీళ్ళు మార్చు, ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన ఎలుకను రెండు వారాలకోసారి కరిగించి పెట్టు, పెట్టెలో వేడిదీపం మాత్రం ఆరిపోనివ్వకు.

ఆ దీపం మాడిపోయి ఐదు రోజులైంది. కొండ మీదున్న తవాంగ్‌మాంగు ఊళ్ళో జూలైలోనే చలి ముదురుతుంది, కుళాయి నీళ్ళు వేళ్ళు కొరుకుతాయి. కొత్త దీపం కావాలంటే కొండ దిగి సోలో పట్నం పోవాలి. ఈ పొట్టతో ఏం పోతానులే అనుకుని వేనింగ్ పెట్టెకు మందపాటి దుప్పటి కప్పింది. కోడిపిల్లలకైతే అది సరిపోయేదే. పాముకు సొంత వేడి ఉండదని, లేని వేడిని ఏ దుప్పటీ దాచలేదని ఆమెకు తెలియదు. ఫోన్లో మొగుడు అడిగినప్పుడల్లా "వెలుగుతోందండీ" అని మాత్రం చెప్పింది.

"ఏంటే ఆ గురక?" అంటూ అత్తగారు కాసియాతి గుమ్మంలోకొచ్చింది. అరవై దాటిన మనిషి, ఇప్పటికీ క్యారెట్ తోటలో కూలీలకంటే ముందుంటుంది. పెట్టెలోకి చూడగానే ఆమె ముఖం పాలిపోయింది. గబుక్కున కోడలి పొట్ట మీద చెయ్యి పెట్టి మూడుసార్లు తట్టింది.

"నీకు కాదు తల్లీ, నీకు తగలకూడదు. నువ్వు చల్లగా ఉండు," అని కడుపులో బిడ్డతో చెప్పింది. తర్వాత కోడలి వైపు తిరిగింది. "అమ్మాయ్, ఇది చావకూడదు."

"జలుబేమో అత్తయ్యా."

"ఏదైనా సరే. కడుపుతో ఉన్న ఇంట్లో, అందులోనూ మన చేతుల మీదుగా, ఏ జీవీ పోకూడదు. అది బిడ్డకు చుట్టుకుంటుంది. అసలా దరిద్రాన్ని కొనొద్దురా అంటే విన్నాడా నీ మొగుడు? ఊళ్ళో అందరూ పిట్టల్ని పెంచుకుంటే వీడికి పాము కావాల్సొచ్చింది!"

 మన చేతుల మీదుగా అన్న మాట వేనింగ్ గుండెలో దిగబడింది. ఎవరి చేతుల మీదుగానో ఆమెకు తెలుసు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, సోలోకు కూరగాయలు తోలే వ్యాన్ డ్రైవర్‌ను బతిమాలి సాయంత్రానికి దీపం తెప్పించింది. గాజు వెచ్చబడింది గానీ చప్పుడు తగ్గలేదు. అన్నం తింటున్నా, బట్టలు ఉతుకుతున్నా అదే వినబడుతోంది. మర్నాడు మధ్యాహ్నం దాకా కడుపులో బిడ్డ కదల్లేదు. వేనింగ్ మంచం మీద పక్కకు తిరిగి పడుకుని, పొట్ట పట్టుకుని, ఒందె ఊపిరిని లెక్కపెడుతూ ఉండిపోయింది. నాలుగు మెతుకులు తిన్నాక బిడ్డ కదిలింది. అప్పటికి ఆమె కళ్ళలో నీళ్ళింకిపోయాయి.

మూడో రోజు పొద్దున ముందుగదిలో అడుగుపెట్టగానే ఘాటైన వాసన గుప్పుమంది. ఆ వాసన తెలియని ఇల్లు ఆ ఊళ్ళో లేదు. పసిపిల్లల పొట్టకు, ముసలాళ్ళ మోకాళ్ళకు, బస్సులో కడుపు తిప్పితే ముక్కుకు రాసేది ఒకటే, ఆకుపచ్చ సీసాలోని కాయుపుతి నూనె. ఒందె ఒళ్ళంతా ఆ నూనెతో మెరుస్తోంది. నోరు బాగా తెరిచి, మెడ వెనక్కి విరిచి గాలి కోసం గింజుకుంటోంది.

"అత్తయ్యా!" వేనింగ్ కేకకు పొరుగింటి కుక్క కూడా మొరిగింది. "ఏం చేశారు దీన్ని?"

కాసియాతి వంటింట్లోంచి వచ్చింది. "ఒంట్లోకి గాలి దూరిందే దానికి. నూనె రాశాను."

"పాముకా?"

"గాలి ఎవరికి దూరినా గాలే. ఆ గాలి బయటికి పోయేలా నాణెంతో వీపు కూడా గీకేదాన్నే, దీనికి వీపెక్కడ మొదలై ఎక్కడ అవుతుందో తెలీక ఊరుకున్నా."

ఇంకోరోజైతే వేనింగ్ పడిపడి నవ్వేది. "ఊపిరాడని జీవికి అంత ఘాటు రాస్తారా? మీకిదంటే మొదట్నుంచీ గిట్టదు. చంపెయ్యాలనే చేశారు!"

"చంపాలనుకుంటే నూనె దండగెందుకే? చీపురు చాలదూ?" అంది అత్తగారు.  "నీ మొగుడు పసివాడప్పుడు రొమ్ము పడిశం పట్టి మూడు రాత్రులు ఇలాగే గురక పెట్టాడు. ఈ చేత్తోనే రాసి బతికించుకున్నా. ఇంకేం చెయ్యాలో నాకు తెలీదు."

వేనింగ్ వినలేదు. పామును గుడ్డసంచిలో పెట్టి, సోలో బస్సెక్కి ఒడిలో దాచుకుంది. కాసియాతి పిలవకపోయినా వచ్చి పక్కన కూర్చుంది. కొండ దిగే గంటన్నరా ఇద్దరూ కిటికీల్లోంచి చెరోవైపు చూశారు.

సోలోలో పశువుల డాక్టరమ్మ గోరువెచ్చని నీళ్ళతో నూనె తుడిచింది. చెవులకు గొట్టం పెట్టుకుని పాము పొడవునా విన్నది. "ఊపిరితిత్తి నిండా చీము పట్టింది. ఇది నిన్న మొన్న మొదలైంది కాదు. చలిలో ఎన్నాళ్ళుంది?"

వేనింగ్ పెదవులు విడివడ్డాయి. ఈలోగా కాసియాతి ముందుకు జరిగింది.

"తప్పంతా నాదేనమ్మా. నూనె రాసింది నేను. మా అమ్మాయి దాన్ని కంటికి రెప్పలా చూసుకుంది. ఏం రాసుకోవాలన్నా నా పేరే రాసుకోండి."

వేనింగ్ నోరు మూసుకుంది. ఆ క్షణంలో ఆమెకు హాయిగా అనిపించింది. ఆ హాయికే తర్వాత ఆమె ఎక్కువ సిగ్గుపడింది.

డాక్టరమ్మ ఇంజెక్షన్ చేసి, మూడు రోజులకోసారి మళ్ళీ చెయ్యాలంది. ఆశ సగమే అంది. రెండో ఇంజెక్షన్ దాకా ఒందె ఆగలేదు. ఎల్లుండి వేనింగ్‌కు సీమంతంలా చేసే ఏడో నెల స్నానమనగా, గురువారం పొద్దున ఇంట్లో చప్పుడు లేదు. వేనింగ్ లేవకుండా చాలాసేపు ఆ నిశ్శబ్దాన్నే విన్నది.

కాసియాతి గాజు పెట్టె పక్కన నేల మీద కూర్చుని ఉంది. "నా చేత్తో పోయింది," అంది. "గుర్తుపెట్టుకో. ఎవరడిగినా అదే చెప్పు. పైవాడడిగినా సరే. ముసలిదాని ఖాతాలో పడనీ, బిడ్డకు తగలదు."

వేనింగ్ ఇక ఆగలేకపోయింది. నేల మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. "మీరు కాదత్తయ్యా, నేనే. దీపం మాడిపోయి ఐదు రోజులు అలాగే ఒదిలేశాను. దుప్పటి కప్పి, బానే ఉందని మీ అబ్బాయికి అబద్ధం చెప్పాను. డాక్టరమ్మ అడిగినప్పుడూ మిమ్మల్ని ముందుకు తోసి వెనక నక్కాను. నా చేత్తోనే పోయింది. అనండి అత్తయ్యా, ఆ మాటేదో మీరే అనెయ్యండి."

కాసియాతి అనలేదు. కోడలి దగ్గరికి జరిగింది. 

"ప్రసోజో కంటే ముందు నాకో ఆడపిల్ల. నీలాగే ఏడో నెలలో ఉన్నాను. తోటలో కూర్చుంటే నా కాళ్ళ దగ్గరికో పాము వచ్చింది. మీ మామయ్య కొడవలితో ఒక్క వేటు వేశాడు, నన్ను కాపాడాలనే. పిల్ల పుట్టి తొమ్మిది రోజులుంది. నువ్వు పామును నరికావు, అది నీ కూతుర్ని పట్టుకుపోయింది అని మా అత్తగారు ఆయన మొహమ్మీదే అన్నది. ఆవిడ ఒక్కసారే అన్నది. నేను ముప్ఫై ఏళ్ళన్నాను. కూరలో ఉప్పెక్కువైందన్నా అదే మాట, పొలం దున్నడం ఆలస్యమైనా అదే మాట."

"మామయ్య ఏమనేవారు?"

"ఏమంటాడు? కంచం పట్టుకుని వెనక అరుగు మీదికి పోయి తినేవాడు. పోయే రోజున నా చెయ్యి పట్టుకుని అడిగాడు, ఇంకా నా చేత్తోనే పోయిందనుకుంటున్నావా కాసీ అని. నేను చెంబు తీసుకుని నీళ్ళకెళ్ళాను. వచ్చేసరికి లేడు."

ఆమె కొంగుతో కోడలి ముఖం తుడిచింది. "పాముకు జబ్బు చేసింది. చచ్చిపోయింది. నీకు పెంచడం తెలీదు, నాకు మందు తెలీదు. అంతే. రేపు నీ బిడ్డకు తుమ్మొచ్చినా ఆ మాట నా నోట్లోంచి రాదు. ఇంకెవరి నోట్లోంచైనా వస్తే నేను ఊరుకోను."

వేనింగ్ ఆమె ఒళ్ళో తల పెట్టుకుంది. పొట్ట అడ్డమొచ్చింది. ఇద్దరూ ఏడ్చారు.

క్యారెట్ మడి గట్టున గొయ్యి తవ్వి ఒందెను పూడ్చారు. వేనింగ్ ప్రసోజోకు ఫోన్ చేసి దీపం సంగతి తనే చెప్పింది. అతను అంతా విన్నాడు. తర్వాత, "నువ్వు అన్నం తిన్నావా?" అని అడిగాడు.

మధ్యాహ్నం కాసియాతి స్నానం చేసి, బజారులో గులాబీ రేకులు, మల్లెలు కొని ఆకులో కట్టించుకుంది. కడుపుతో ఉన్నవాళ్ళు శ్మశానం లోపలికి రాకూడదని కోడల్ని ద్వారం దగ్గరే కూర్చోబెట్టింది. రాళ్ళ మధ్య నుంచి నడిచి వెళ్ళి భర్త సమాధి పక్కన గొంతుక్కూర్చుంది. పూలు చల్లింది. రాతి మీద చెయ్యి వేసి, తల వంచి ఏదో చెప్పడం మొదలుపెట్టింది.

కొండ మీంచి మబ్బు దిగుతోంది, చలి పెరుగుతోంది. వేనింగ్ శాలువా పొట్ట మీదికి లాక్కుని కూర్చుంది. అత్తగారు ఎంతకీ లేవడం లేదు. వేనింగ్ ఆమెను పిలవలేదు.