చివరి షెడ్డులో చుక్కాని

ఆ పడవల యార్డులో మూడు షెడ్లున్నాయి. మొదటి రెండింట్లో పని పడితే అర్ధరాత్రి దాకా దీపాలు వెలుగుతూనే ఉంటాయి. మూడోదాని గుమ్మం మాత్రం పొద్దు వాలాక ఎవరూ తొక్కరు.

అందులో చప్పుడవుతుందంటారు. గాలికి రేకులు కొట్టుకునే చప్పుడు కాదు, ఎలకలు పరుగెత్తే చప్పుడూ కాదు. ఎవరో నిలబడి, తాపీగా, చెక్క మీద వేలి కణుపుతో కొట్టి చూస్తున్నట్టు — టక్… టక్… టక్…

కాపలా తాత ఆ షెడ్డుకి పగలుండగానే తాళం వేసేసి, రాత్రంతా దాన్ని దూరం నుంచే కాపలా కాస్తాడు. "దొంగలు పడితే ఏం చేస్తావు తాతా?" అని ఎవరైనా ఆటపట్టిస్తే, "పడనీ. లోపలున్నవాడే చూసుకుంటాడు" అంటాడు.

ఆ మాటకి అందరూ నవ్వేవారు. అద్దం మేస్త్రి ఒక్కడూ నవ్వేవాడు కాదు.

అద్దం మేస్త్రిది పూత పని. పడవకి కావలసిన చెక్క సామాను — చుక్కానీలు, మూతలు, తలుపులు — వడ్రంగి దగ్గర్నుంచి రాగానే వాటికి ఫైబర్ గుడ్డ పరిచి, రెజిన్ జిగురు పట్టించి, పైన తెల్లటి జెల్‌కోట్ వేస్తాడు. ఇక ఆ చెక్కలోకి చుక్క నీరు పోదు. అతను పూత వేసిన పలకలో చూసుకుని తల దువ్వుకోవచ్చని పేరు. ఆ పేరు కాస్త నెత్తికెక్కిన మనిషి కూడానూ. తన పనికి వంక పెట్టినవాడితో మూడు నెలలు మాట్లాడేవాడు కాదు.

అలాంటి మనిషి ఒక రాత్రి ఆ మూడో షెడ్డులో ఒంటరిగా ఉండాల్సి వచ్చింది. ఆ రాత్రి సంగతి అతను తర్వాత తనే చెప్పుకున్నాడు. విన్నవాళ్లు చెప్పగా నేను విన్నాను.

అతని కూతురూ అల్లుడూ కలిసి ఒక పాత పడవ కొన్నారు. ఒక రోజు ప్రయాణం దూరంలో ఉన్న ఇంకో రేవులో పని ఒప్పుకున్నారు. పడవకి చుక్కాని పుచ్చిపోయి ఉంటే, "కొత్తది నేను చేయిస్తా, పూత నేనే వేస్తా. పరాయివాడి చెయ్యి పడనివ్వను" అన్నాడు మేస్త్రి. పడవ నడిపేది కూతురు. సముద్రం మీద ఆ పిల్ల ప్రాణం ఆ చుక్కాని మీదే ఉంటుంది.

వడ్రంగి చెక్క ఇచ్చేసరికి ఆలస్యమైంది. మొదటి రెండు షెడ్లూ నిండిపోయాయి. మూడోదాంట్లో పెట్టిస్తే, మూడు రాత్రులు వాన. కప్పు కారింది. చుక్కాని మీదే కారింది.

ప్రయాణం ముందు రోజు సాయంత్రం మేస్త్రి గరుకు కాగితంతో చెక్కని రుద్ది చూశాడు. పొడి ఎగరలేదు. ముద్దకట్టి కాగితానికే అంటుకుపోయింది.

చెక్క తడిగా ఉంది. తడి చెక్క మీద పూత వేయకూడదని ఆ యార్డులో నిన్నగాక మొన్న చేరినవాడికి కూడా తెలుసు.

"ఏం మామయ్యా, అయిపోతుందా?" గుమ్మంలోంచే అడిగాడు అల్లుడు. "తెల్లారి పోటు మీద పడవ దించకపోతే మళ్లీ పదిహేను రోజులకి గానీ అంత నీరు రాదు. అవతలివాళ్లు ఊరుకోరు."

"ఆలస్యమైతే ఆగుదాంలే నాన్నా," అంది వెనకాల నిలబడ్డ కూతురు. "పని పోతే పోయింది."

ఆ ముక్క పట్టుకుని ఉంటే సరిపోయేది. కానీ అల్లుడి ముందు 'నావల్ల కాదు' అనడానికి మేస్త్రికి నోరు రాలేదు.

"మీరెళ్లి సామాను సర్దుకోండి. తెల్లారేసరికి చుక్కాని సిద్ధంగా ఉంటుంది. నాకు పని నేర్పకండి."

వాళ్లు వెళ్లిపోయారు. కాపలా తాత తాళంచెవి మేస్త్రి చేతిలో పెట్టి, వెనక్కి చూడకుండా వెళ్లాడు.

రాత్రే ఎందుకంటారా? చెక్క ఊపిరి పీల్చి వదులుతుందంటారు పూత మేస్త్రీలు. ఎండ ఎక్కేకొద్దీ లోపలి గాలిని బయటికి తోసి రెజిన్ నిండా బుడగలు లేపుతుంది. చల్లబడేటప్పుడు లోపలికి పీల్చుకుంటుంది. అందుకే మొదటి పూత ఎప్పుడైనా పొద్దు వాలాకే.

మేస్త్రి గంటసేపు వేడిగాలి యంత్రం పెట్టి ఆరబెట్టాడు. పైన ఆరింది. లోపల ఆరలేదని అతనికి తెలుసు. అయినా రెజిన్ కలిపాడు. తొందరగా గట్టిపడాలని హార్డెనర్ కాస్త ఎక్కువే పోశాడు. ఫైబర్ గుడ్డ పరిచి, రోలర్‌తో గాలంతా నొక్కి తీసి, అది బిగిశాక పైన జెల్‌కోట్ వేశాడు. అర్ధరాత్రి దాటేసరికి పని ముగిసింది.

స్టాండ్ల మీద అడ్డంగా పడుకోబెట్టిన చుక్కాని తెల్లగా మెరుస్తోంది. మేస్త్రి వంగి అందులో తన మొహం చూసుకున్నాడు. ముచ్చటేసింది. దీపం వెలుగుతూ ఉండగానే తలుపు దగ్గరగా వేసి, గాలి కోసం బయట బల్ల మీద కూర్చున్నాడు.

టక్…

రెజిన్ బిగుసుకుంటోంది, అంతే — అనుకున్నాడు.

టక్… టక్…

మేస్త్రి లేచి తలుపు తోశాడు. దీపం నిలకడగా వెలుగుతోంది. చుక్కాని పెట్టినచోటే ఉంది. మూలల్లో రంగు డబ్బాలు తప్ప ఏమీ లేవు. చప్పుడు లేదు.

బయటికొచ్చి కూర్చున్నాడు.

టక్… టక్… టక్… డొప్.

ఈసారి మేస్త్రి లేవలేదు.

ఆ చప్పుడు అతనికి తెలుసు. పూత ఆరాక ప్రతి మేస్త్రీ అలాగే కొట్టి చూస్తాడు — పైనుంచి కిందికి, జానెడు జానెడు దూరంలో. గుడ్డ చెక్కకి గట్టిగా పట్టుకుని ఉంటే టక్కుమంటుంది. కింద ఊడిపోయి ఉంటే డొల్లగా మోగుతుంది. లోపల ఎవరో పనిని పరీక్ష చేస్తున్నారు. ఎవరో కూడా అతనికి తెలుసు.

పదకొండేళ్ల కింద అతని సొంత తమ్ముడు ఇదే షెడ్డులో, ఇలాగే, కొత్త చుక్కాని మీద వేలి కణుపుతో కొట్టుకుంటూ వచ్చాడు. ఒకచోట ఆగి, మళ్లీ కొట్టి, "అన్నయ్యా… ఇక్కడ డొల్లగా వినిపిస్తోందేమిటి?" అన్నాడు.

అప్పుడూ ఇలాగే వాన. ఇలాగే తొందర. "నీ చెవుల్లో నీళ్లు పోయాయిరా, వెళ్లి దులుపుకో" అన్నాడు మేస్త్రి. తమ్ముడు పకపకా నవ్వి, అన్న మాట మీద నమ్మకంతో ఆ చుక్కానినే పడవకి బిగించుకున్నాడు.

రెండో రోజు చుక్కాని లేని పడవ ఒడ్డుకి కొట్టుకొచ్చింది. మనిషి రాలేదు. చుక్కాని ఎందుకు విరిగిందో మేస్త్రి ఎవరికీ చెప్పలేదు. తమ్ముడి భార్య తన కాళ్ల దగ్గర కూలబడి ఏడుస్తున్నప్పుడు కూడా చెప్పలేదు. ఆ ఏడాది నుంచే మూడో షెడ్డులో చప్పుడు మొదలైంది.

టక్… టక్… టక్… డొప్.

వాడే వచ్చాడు. ఇన్నాళ్లూ ఆగి, తన బిడ్డ సముద్రం మీదికి వెళ్లే రాత్రి చూసుకుని వచ్చాడు. ప్రాణానికి ప్రాణం తీసుకుపోతాడు.

"ఒరేయ్…" తలుపు సందులోంచి గుసగుసగా అన్నాడు. "తప్పు చేసింది నేనురా. పిల్ల జోలికి వెళ్లకు… నన్ను తీసుకుపో."

లోపల నిశ్శబ్దం.

తర్వాత… వినపడీ వినపడనంత మెల్లగా —

"అన్నయ్యా… ఇక్కడ…"

గాలి అనుకోవచ్చు. మేస్త్రి కూడా గాలే అనుకోవాలని చూశాడు. కానీ ఆ రాత్రి ఆకు కూడా కదలడం లేదు.

లోపలికి వెళ్లాడు. వెళ్లక ఏం చేస్తాడు? వేలి కణుపుతో తనే పైనుంచి కొట్టుకుంటూ వచ్చాడు. టక్. టక్. టక్. సరిగ్గా నడుమ, పిడి బిగించే చోటికి జానెడు కింద — డొప్. అక్కడ జెల్‌కోట్ అరచేయంత మేర పైకి ఉబ్బి ఉంది. ఇందాక అద్దంలా ఉన్నచోటే.

అప్పుడతనికి బుద్ధి కాస్త పనిచేసింది. ఇందులో దెయ్యమూ లేదు, భూతమూ లేదు. హార్డెనర్ ఎక్కువై రెజిన్ వేడెక్కింది. ఆ వేడికి చెక్కలో నీరు ఆవిరై గుడ్డని పైకి తోస్తోంది. ఊడుతున్న గుడ్డ టక్కుమంటోంది. అంతే కదా! మేస్త్రి గట్టిగా నవ్వేశాడు. ఆ నవ్వు ఖాళీ షెడ్డులో మరోలా వినిపించేసరికి వెంటనే ఆపేశాడు.

ఇక మిగిలింది చిన్న పని. సన్నటి కన్నం పెట్టి, సిరంజితో రెజిన్ ఎక్కించి, పైన చారెడు జెల్‌కోట్ రుద్దితే ఉబ్బు కనపడదు. అల్లుడు పట్టుకోలేడు. ఎవడూ పట్టుకోలేడు. నాలుగైదు ప్రయాణాలు ఆగుతుంది… ఆగొచ్చు.

కుడిచేత్తో డ్రిల్లు తీసుకున్నాడు. ఎడమ అరచేయి ఆ ఉబ్బు మీద ఆనించాడు.

టక్.

చెవికి కాదు — చేతికి తగిలింది. సరిగ్గా అతని అరచేతి కింద, చెక్కలోంచి పైకి.

టక్. టక్. టక్.

డ్రిల్లు కింద పడింది. మేస్త్రి కూడా పడ్డాడు. లేచేటప్పటికి చేతిలో ఉన్నది ఉలి.

తెల్లారేదాకా ఒకటే పని. వేడిగాలి పట్టించడం, ఉలి దూర్చడం, లాగడం. నడుమ ఉబ్బిన ముక్క అరటితొక్కలా తేలిగ్గా వచ్చేసింది. మిగతాది మొరాయించింది. చేతి తొడుగులున్నా వేళ్లు కమిలిపోయాయి. కింద చెక్క నల్లగా, చెమ్మగా బయటపడింది. అంతసేపూ షెడ్డులో మరో చప్పుడు వినపడలేదు.

పోటు ఎక్కుతుండగా కూతురూ అల్లుడూ వచ్చారు. తోలు వలిచినట్టున్న చుక్కానినీ, దాని పక్కన నేల మీద కూలబడ్డ మేస్త్రినీ చూసి అల్లుడు గుమ్మంలోనే ఆగిపోయాడు.

"చెక్క తడిదమ్మా," అన్నాడు మేస్త్రి, కూతురి వంక చూడకుండా. "తెలిసే పూత వేశాను. దీన్ని కట్టుకుని వెళ్లకండి."

"ఇప్పుడా మామయ్యా చెప్పడం? నిన్న సాయంత్రం అడిగితే ఏమన్నారు?" అల్లుడు అరిచాడు. "పదిహేను రోజులు! వాళ్లకి నేనేం సమాధానం చెప్పాలి?"

ఇంకో మాట మేస్త్రి గొంతులో పదకొండేళ్లుగా అడ్డం పడి ఉంది.

"బాబాయి చుక్కాని కూడా ఇలాంటిదేనమ్మా. నాకు తెలుసు. వాడు అడిగాడు కూడా. నేను నవ్వులాటగా కొట్టిపారేశాను."

చిన్నప్పుడు కూతురికి చుక్కాని పట్టడం నేర్పింది బాబాయే. ఆమె తండ్రిని తిట్టలేదు, ఓదార్చనూ లేదు. వంగి, నేల మీద పరుచుకున్న పూత ముక్కల్ని ఏరి పక్కన పెట్టసాగింది. ఏరుతూ ఏరుతూ ఆ ఉబ్బిన ముక్కని తిరగేసి… ఆగిపోయింది.

"నాన్నా… దీని లోపల ఎవరు చెయ్యి పెట్టారు?"

ఇద్దరూ దగ్గరికి వచ్చారు. పూత లోపలి వైపు, చెక్కని అంటుకుని ఉండాల్సిన వైపు, ఒక అరచేయి. ఐదు వేళ్లూ విడివిడిగా. గుడ్డని లోపల్నుంచి బయటికి తోసినట్టు గుంట పడి, అలాగే గట్టిపడిపోయి ఉంది.

"లాగేటప్పుడు మీ చెయ్యే పడి ఉంటుంది మామయ్యా," అన్నాడు అల్లుడు. గొంతులో ఇందాకటి కోపం లేదు.

"తొడుగులు వేసుకున్నాను అల్లుడూ. ఇందులో వేలిగీతలు కనపడుతున్నాయి చూడు." మేస్త్రి ఎండిపోయిన పెదాలు తడుపుకున్నాడు. "పైగా నేను లాగేసరికే ఇది రాయిలా ఉంది."

అతనికి అర్థమైంది. ప్రాణం తీసుకుపోవడానికి వచ్చినవాడు, వెళ్లొద్దని చెక్క లోపల్నుంచి ఇలా బాదడు. మేస్త్రి భుజం మీది తువ్వాలు మొహానికి కప్పుకుని, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

కూతురు ఆ ముక్కని వెలుతురుకి పట్టి చూస్తోంది. అరచేతి గుంటలో ఇంకా నీటి చుక్కలు అంటుకుని ఉన్నాయి. వేలితో తాకింది. పడవ మనుషులకుండే అలవాటు కొద్దీ, ఆలోచించకుండానే ఆ వేలు నాలుక చివర ఆనించుకుంది.

మెల్లగా తండ్రి వైపు తిరిగింది.

"ఇది వాన నీళ్లు కాదు నాన్నా… ఉప్పగా ఉంది."

ఆ చెక్క ఇంకా సముద్రం మొహమే చూడలేదు.