కుండీతో సహా నాటండి

"వాడిపోయే మొక్కలు అమ్మడానికి మీకు మనసెలా ఒప్పిందండీ?"

కడియం నర్సరీలో గులాబీలకు నీళ్లు పెడుతున్న ఉదయభాస్కర్ సెల్‌ఫోన్‌ని చెవికి కాస్త దూరం పెట్టాడు. ఎంత బాగుందో గొంతు, తిట్టకపోతే ఇంకా బాగుండేది.

"ఎవరండీ మీరు?"

"మునిసిపల్ ఆఫీసు, కొనుగోళ్ల సెక్షన్, లక్ష్మీప్రసన్న."

ఊరికి చెత్త మిగల్చని సరుకే ఆఫీసు కొనాలని పట్టుబట్టి కొత్త రూల్ పెట్టించింది ఆమే. ఆ రూల్ కింద మొదట కొన్నవి రోడ్డు పక్కకి కానుగ మొక్కలు. నల్ల ప్లాస్టిక్ కవర్లు వద్దని, కొబ్బరి పీచు కుండీల్లో పెంచినవే తెప్పించింది. నాటిన వారానికే అవి తలలు వాల్చేశాయి.

"ఇవి చచ్చాయంటే మళ్లీ ప్లాస్టిక్ కవర్లేనమ్మా," అన్నారు సూపరింటెండెంట్ కాశీవిశ్వనాథం గారు. ఆ మాటకే ఆమెకి ఏడుపొచ్చినంత పనైంది.

ఉదయభాస్కర్ వానలోనే బండేసుకుని వచ్చాడు. గొడుగు కింద ఎర్రబడ్డ ముక్కుతో నిలబడ్డ అమ్మాయిని చూసి, తను వచ్చిన పని ఒక్క క్షణం మర్చిపోయాడు. తర్వాత గుర్తొచ్చి ఒక మొక్క మొదట్లో మట్టి తవ్వాడు.

"కుండీ ఏదండీ?"

"చింపేశారు. నాటేముందు కవరు చింపుతారు కదా!"

"అయ్యో! పీచు కుండీని చింపితే దాంతోపాటు వేళ్లూ తెగిపోతాయండీ. కుండీతో సహా పాతెయ్యాలి. అది మట్టిలోనే కలిసిపోతుంది."

"ఆ ముక్క ముందే చెప్పొద్దూ?"

"మీకు తెలుసనుకున్నానండీ. తెప్పించింది మీరేగా!"

ఆమె కోపంగా చూడబోయి నవ్వేసింది. అతను అక్కడే మనసు పారేసుకున్నాడు.

ఇంకా సగం మొక్కలు ఆఫీసు వెనక కుండీల్లోనే ఉన్నాయి. తడుస్తూ ఇద్దరూ దగ్గరుండి నాటించారు. వాడినవాటి కొమ్మలు కత్తిరించి, తాటాకులతో నీడ కట్టారు. ఆ తర్వాత కడియం నుంచి అతను తరచూ వచ్చేవాడు, మొక్కలు చూడ్డానికే.

"మొక్కలు అటున్నాయండీ," అనేదామె.

శ్రావణం వచ్చేసరికి వాడిన మొక్కలు కూడా చాలావరకు చిగురించాయి. కాశీవిశ్వనాథం గారు కళ్లజోడు సవరించుకుని చూసి, "సరేనమ్మా, ఈ రూలే ఉంచుదాం," అన్నారు.

ఆ సాయంత్రం ఉదయభాస్కర్ ధైర్యం కూడగట్టుకుని, "మిమ్మల్ని అడగమని మా అమ్మగారిని మీ ఇంటికి పంపనాండీ?" అన్నాడు.

ఆమె కానుగ చిగురొకటి వేలితో నిమిరింది.

"ఇకమీదట మీ నర్సరీలో మా ఆఫీసు మొక్కలు కొనదండీ."

అతని మొహం వాడిపోయింది. "ఏం, మావి బాగా లేవా?"

"మొక్కలకేం, బంగారంలా ఉన్నాయి. పీచు కుండీలు ఇప్పుడు మీ పక్క నర్సరీల వాళ్లూ పెట్టారుగా, వాళ్ల దగ్గర కొంటాం."

"మరి నేనేం తప్పు చేశానండీ?"

"కాబోయే మా ఆయన దగ్గర నేను కొనకూడదండీ. రూల్!"