మామగారు పలకని పేరు

ఆ రోజు పొద్దున్నే ఇంట్లో ఒక కాగితం కనిపించకుండా పోయింది. పాప పేరు నమోదు చేసే కాగితం. పేరు రాసి ఇవ్వడానికి అదే ఆఖరి రోజు. పదింటికి ఆరోగ్య కేంద్రంలో టీకా వేయించి, అక్కడే ఇచ్చేయాలి. కోడలు బీరువా, మంచం కింద, ఉతికిన బట్టల మూట అన్నీ తిరగేసింది.

"ఫ్రిజ్ మీద పెట్టానన్నావుగా," అన్నాడు భర్త, బస్సు డ్యూటీకి బూట్లు తొడుక్కుంటూ.

"పెట్టాను. దానికేమన్నా కాళ్లొచ్చాయా?"

"నాన్ననడుగు," అని వెళ్లిపోయాడు. మగవాళ్లకి సరిగ్గా అప్పుడే ఆలస్యమవుతుంది మరి.

మామగారు సమాధి రాళ్ల మీద పేర్లు చెక్కుతారు. నలభై ఏళ్లుగా అదే పని. ఇంటి వెనక రేకుల షెడ్డులోంచి తెల్లారిందగ్గర్నుంచీ ఉలి చప్పుడు వస్తూనే ఉంటుంది. మనిషి మంచివాడు. పాపను ఎత్తుకుంటే దించరు. కానీ పుట్టి మూడు నెలలైనా ఒక్కసారీ పేరు పెట్టి పిలవలేదు. "మా గుప్పెడు పాలు తాగిందా? మా గుప్పెడు పడుకుందా?" అంటారు. పెద్దాయన ముద్దులే అనుకుని ఇన్నాళ్లూ నవ్వుకుంది కోడలు.

కాగితం షెడ్డులో, ఉలుల సంచి అడుగున దొరికింది. పేరు గడిలో తను పెన్సిల్‌తో రాసుకున్న "తార" చెరిపేసి ఉంది.

"ఏంటి మామయ్యా ఇది?"

ఆయన తలెత్తలేదు. "ఇంకేదైనా పెట్టండమ్మా."

"ఆ మాట ముందే చెప్పొచ్చుగా. దాచిపెట్టడమెందుకు? నేను పెట్టానని కోపమా? ఆడపిల్లని కోపమా?"

"ఛ, అవేం మాటలు."

"మరి? రెండే అక్షరాలు. చుక్క అని అర్థం. ఎప్పటి నుంచో ఉన్న మాట, ఏ ఊరెళ్లినా ఎవరి నోరైనా తిరుగుతుంది. అందుకే ఇప్పుడందరూ అదే పెట్టుకుంటున్నారు."

"అది నాకంటే ఎవరికి తెలుసు?" ఉలి కింద పెట్టారు. "ఈ ఏడాది ఆ పేరు నాలుగుసార్లు చెక్కానమ్మా. నాలుగూ మూరెడు రాళ్లే. పెద్దవాళ్లకి మూరెడు రాయి పెట్టరు. వచ్చిన ప్రతి తండ్రీ, మా పాప చుక్కైపోయింది, పేరు పక్కన ఒక చుక్క కూడా చెక్కండి అంటాడు. నువ్వా పేరు చెప్పిన రోజు నేను మూడోది చెక్కుతున్నా. ఎలా పిలవను? పిలిస్తే ఎవరికి వినబడుతుందోనని భయం."

కోడలు ఇంట్లోకి పరిగెత్తింది. పాప నిద్రపోతోంది, మరీ కదలకుండా. ముక్కు కింద వేలు పెట్టి చూసింది. వెచ్చగా ఊపిరి తగిలింది. వేలు తీసి, నమ్మకం చాలక మళ్లీ పెట్టింది.

పెన్ను పట్టుకుని కూర్చుంటే ఒక్క అక్షరం పడలేదు. నిన్నటిదాకా ముద్దొచ్చిన పేరు తలుచుకుంటేనే భయమేస్తోంది. పోనీ వేరే పేరు రాద్దామంటే, అది మాత్రం ఆయన చెక్కలేదని నమ్మకమేంటి?

ఖాళీ కాగితంతోనే బయల్దేరింది. మామగారు గొడుగు పట్టుకుని వెంట వచ్చారు. దారిలో హారన్ వినబడినప్పుడల్లా ఆమె పాపను గుండెకి అదుముకుంది.

ఆరోగ్య కేంద్రంలో నర్సు తలుపు దగ్గర నిలబడి, "తార," అని పిలిచింది. నలుగురు తల్లులు ఒకేసారి లేచారు.

"ఇలా అయితే నా వల్ల కాదు," నర్సు విసుక్కుంది. "ఈ ఏడాది ఎవర్ని పిలిచినా తారే. అమ్మల పేర్లతో పిలుస్తా, కూర్చోండి."

"నేనే అమ్మని, నేనే తారని," అంది మూల బెంచీ మీది ముసలావిడ. "డెబ్బై ఆరేళ్లు. ముందు నా బీపీ చూడు."

అందరూ నవ్వారు. మామగారు వెళ్లి ఆవిడ పక్కన కూర్చున్నారు. "మీ కాలంలోనూ ఉందా ఈ పేరు?"

"ఉందా ఏంటి, వీధికి ఇద్దరం. నేను చిన్న తారని. పెద్ద తార నిన్న కూడా పేకాటలో నన్ను ఓడించింది. తొండి ఆడుతుందిలే."

ఆయన గదంతా తేరిపార చూశారు. చీమిడి ముక్కు తార, మోకాలికి కట్టున్న తార, నర్సు చెప్పు లాగుతున్న తార. ఉన్నట్టుండి కళ్లు తుడుచుకున్నారు.

"నా షెడ్డుకి పోయినవాళ్ల పేర్లే వస్తాయి కదమ్మా," అన్నారు కోడలితో. "నలభై ఏళ్లుగా నాకు తెలిసింది వాళ్లే. మిగతావాళ్లంతా ఇక్కడున్నారు."

ఆమె కాగితం, పెన్ను ఆయన చేతిలో పెట్టింది. "మీరే రాయండి మామయ్యా. నాకు చెయ్యి ఆడట్లేదు."

"నాకింకా భయంగానే ఉందమ్మా."

"నాకూ ఉంది. అయినా రాయండి."

రాశారు. సూది గుచ్చగానే పాప గది దద్దరిల్లేలా ఏడ్చింది. "అయిపోయింది తారా, అయిపోయిందమ్మా," అన్నారు మామగారు. ఆ పిలుపు వినగానే కోడలు కూడా పాపతో పాటు ఏడ్చేసింది.

వారం తర్వాత ఉయ్యాలకి ఒక చెక్క పలక వేలాడింది. దాని మీద రెండే అక్షరాలు.

"ఇదేంటి నాన్నా, కింద సగం కోసేసినట్టుంది?" అన్నాడు కొడుకు.

"నేనే కోశాను. ఏళ్ల అలవాటు, పేరు కింద చెయ్యి దానంతటదే పుట్టిన, పోయిన తేదీలకి చోటు వదిలేసింది." మామగారు ఉయ్యాల మెల్లగా ఊపారు. "దీనికా చోటు వద్దు."