జీడిపప్పు ఆఫీసులో రెండో సిస్టమ్

"పలాసలో జీడిపప్పు ఎగుమతి ఆఫీసు. ఒకే కంప్యూటర్‌లో రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు. రెండోది దొంగ లైసెన్స్. అదే నంబరు ఒక విదేశీ ఓడలోనూ వాడారు. అలా దొరికారు," అన్నాడు ఫోన్‌లో చీఫ్.

"ఓడలో ఏముంది?" అడిగాడు ఏజెంట్ శరత్ చంద్ర.

"ఆయుధాలు. ఈ సాయంత్రం ఉద్దానం తీరానికి వస్తోంది. ఆ రెండో సిస్టమ్ లేచిందంటే మన రాడార్ ఆగిపోతుంది. దారిలో వేట పడవలు ఎదురైతే సాక్షులను వదలరు. లోపల మన మనిషి ఉంది, షాలిని. ముఠాకీ పనిచేస్తోందని అనుమానం. సముద్రం ఎలా ఉందని అడుగు. 'ఉప్పగా' అంటే ఆమే."

బస్సు టెక్కలిలో ఆగినప్పుడు శరత్ తల వంచుకుని కూర్చున్నాడు. అక్క సుభద్ర ఇల్లు అక్కడికి కూతవేటు దూరం. ఆమె దృష్టిలో తమ్ముడు అండమాన్‌లో ఉద్యోగం చేసుకుంటున్నాడు. బస్సు కదిలాక గానీ అతను తలెత్తలేదు.

పలాసలో దిగేసరికి నెరిసిన విగ్గు, లావు కళ్లద్దాలు, మెడలో కార్డు: అజయ్, సాఫ్ట్‌వేర్ లైసెన్స్ ఆడిటర్.

"మా దగ్గర అంతా కరెట్టే సార్. బిల్లు సూడండి," అన్నాడు యజమాని మన్మథరావు.

కంప్యూటర్ ముందు సముద్రపు రంగు చీరలో ఒక అందగత్తె.

"సముద్రం ఎలా ఉందండీ?"

"ఉప్పగా," అంది షాలిని, కళ్లెత్తకుండా.

శరత్ తెర చూశాడు. "ఈ లైసెన్స్ ఒక్క సిస్టమ్‌కే. డిస్క్‌లో సగం జాగా కనిపించడం లేదు. అక్కడేముంది?"

మన్మథరావు పిస్తోలు తీసి అతని కణతకు ఆనించాడు. "షాలినీ, రీస్టార్ట్ సెయ్."

ఆమె చేసేసింది. తెర నల్లబడి, మెనూలో రెండు వరుసలు వచ్చాయి. కింద అంకెలు తగ్గుతున్నాయి. ఏ కీ నొక్కకపోతే రెండో సిస్టమ్ దానంతటదే లేస్తుంది.

శరత్ నోట ఆడిటర్ భాష రాలేదు.

"ఏటి సేత్తన్నావు షాలినీ? ఏటకెళ్లినోళ్లు ఇంకా ఒడ్డుకి రానేదు. ఆల్లలో నీవోళ్లు నేరా?"

ఆమె ఉలిక్కిపడి అతని మొహంలోకి చూసింది. అంకె ఒకటికి వచ్చింది. ఆమె వేలు పై బాణం కీ మీద పడింది, వెంటనే ఎంటర్ మీద. మామూలు సిస్టమ్ లేచింది.

మన్మథరావు పిస్తోలు ఆమె వైపు తిప్పాడు. శరత్ జేబులోని పెన్ను అతని మెడకు తాకించాడు. కరెంటు షాక్‌కు మనిషి నేలకూలాడు.

రాడార్ మెలకువగానే ఉంది. నేవీ ఓడను పట్టుకుంది. షాలినిని విచారణకు తీసుకెళ్లడానికి జీపు వచ్చింది.

"నాది వజ్రపుకొత్తూరు. మీరూ ఈ పక్కేనా?" అడిగింది ఎక్కబోతూ.

"కాదు."

"మాట సూత్తే మావైపే ఉందండీ."

"ట్రైనింగ్‌లో నేర్పారు," అన్నాడు శరత్. ఇంకేదైనా అడుగుతుందేమోనని నిలబడ్డాడు. జీపు వెళ్లిపోయింది.

విగ్గు తీసేసి రైల్వే స్టేషన్‌కు వచ్చాడు. జీడిపప్పు అమ్మేవాడు పిలిచాడు. "ఇంటికేనా బావా? ఎంతమందుంటారేటి? అరకిలో సాల్తాదా?"

శరత్ డబ్బు తీసిచ్చాడు. "సరిపోతుంది."

రైలు కోటబొమ్మాళి చేరకముందే ఇంటిల్లిపాది వాటా అతనొక్కడే తినేశాడు.